క్షార లోహ సమ్మేళనాల చర్యలు బట్టీ పట్టకుండా రాయడం ఎలా? సమగ్ర మార్గదర్శి

లిథియం నైట్రేట్‌ను వేడి చేస్తే గోధుమ రంగు వాయువు వస్తుంది, సోడియం నైట్రేట్‌ను వేడి చేస్తే రాదు. ఎందుకు? పొటాషియం సూపరాక్సైడ్‌ను నీటిలో వేస్తే ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుంది? పాఠకులు ఇలాంటి ప్రశ్నలు పదే పదే అడుగుతున్నారు. జవాబులను విడివిడిగా గుర్తుపెట్టుకుంటే నెలలో మరిచిపోతారు. పద్ధతి పట్టుబడితే ఎప్పుడూ చూడని సమ్మేళనానికైనా చర్యను మీరే రాయగలరు.

పద్ధతి ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: క్షార లోహాల (లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీజియం) సమ్మేళనాల్లో దాదాపు ప్రతి చర్యనూ నడిపేది ఋణ అయాన్, లోహ అయాన్ పరిమాణం లెక్కలోకి వచ్చేది ముఖ్యంగా వేడి చేసినప్పుడు, నీటిలో కరిగించినప్పుడు. కింది అడుగులన్నీ దీని మీదే నడుస్తాయి.

సమీకరణాలను పేర్లతోనే ఇస్తున్నాను. పేరు ముందున్న అంకె మోల్‌ల సంఖ్య. చదువుతూనే వాటిని సంకేతాల్లోకి మార్చి, తుల్యమయ్యాయో లేదో మీ చేత్తో సరిచూసుకోండి. ఈ శ్రమ తప్పించుకుంటే మిగతాదంతా చదివినా పెద్దగా ఉపయోగం ఉండదు.

1. మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవాల్సినవి

ఒక కాగితం మీద ఈ మూడూ రాసుకోండి.

☐ ఋణ అయాన్లు, వాటి ఆవేశాలు. హైడ్రాక్సైడ్, హాలైడ్, నైట్రేట్, బైకార్బొనేట్, సూపరాక్సైడ్: 1. ఆక్సైడ్, పెరాక్సైడ్, కార్బొనేట్, సల్ఫేట్: 2. ఫాస్ఫేట్: 3.

☐ లోహ అయాన్ల వ్యాసార్ధాలు, పికోమీటర్లలో. లిథియం 76, సోడియం 102, పొటాషియం 138, రుబీడియం 152, సీజియం 167. లిథియం మిగతావాటికన్నా ఎంత చిన్నదో గమనించండి. దాని వింత ప్రవర్తన చాలావరకు ఇక్కడి నుంచే వస్తుంది.

☐ ఆమ్లాల బలం. హైడ్రోక్లోరిక్, నైట్రిక్, సల్ఫ్యూరిక్ బలమైనవి. కార్బానిక్ ఆమ్లం, హైపోక్లోరస్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ బలహీనమైనవి.

మూడో జాబితా అనవసరమనిపించవచ్చు. కానీ ఎక్కువగా పనికొచ్చేది అదే. బలహీన ఆమ్లం నుంచి వచ్చిన ఋణ అయాన్ నీటిలో క్షారంగా పనిచేస్తుంది. బలమైన ఆమ్లం నుంచి వచ్చినది అలా చేయదు.

2. మొదటి అడుగు: సమ్మేళనాన్ని రెండు అయాన్లుగా విడగొట్టండి

లోహ అయాన్ ఆవేశం ఎప్పుడూ +1. సాధారణ ద్రావణంలో అది క్షయకరణం చెందదు, జలవిశ్లేషణ చెందదు, అవక్షేపంగా దిగడం కూడా అరుదు. అందుకే దాన్ని పక్కన పెట్టి ఋణ అయాన్‌ను మాత్రమే చూడండి.

సోడియం కార్బొనేట్ ద్రావణంలో కాల్షియం క్లోరైడ్ కలిపితే నిజంగా జరిగేది ఇంతే:

కాల్షియం అయాన్ + కార్బొనేట్ అయాన్ → కాల్షియం కార్బొనేట్ (తెల్లని అవక్షేపం)

సోడియం స్థానంలో పొటాషియం ఉన్నా ఇదే సమీకరణం. ఒకటి నేర్చుకుంటే రెండోదీ వచ్చినట్లే.

జాగ్రత్త పడాల్సిన చోటు ఆక్సిజన్ సమ్మేళనాలు. లోహాన్ని గాలిలో మండిస్తే లిథియం ప్రధానంగా ఆక్సైడ్‌ను, కొంత నైట్రైడ్‌ను ఇస్తుంది. సోడియం ప్రధానంగా పెరాక్సైడ్‌ను ఇస్తుంది. పొటాషియం, రుబీడియం, సీజియం సూపరాక్సైడ్లను ఇస్తాయి. పెద్ద ఋణ అయాన్‌కు పెద్ద లోహ అయాన్ తోడైతే స్ఫటికం స్థిరంగా ఉంటుంది.

వీటిని గుర్తించడానికి ఆక్సిజన్ ఆక్సీకరణ సంఖ్యను లెక్కపెట్టండి. ఆక్సైడ్‌లో −2, పెరాక్సైడ్‌లో −1, సూపరాక్సైడ్‌లో −½. పొటాషియం సూపరాక్సైడ్‌లో ఒక పొటాషియం, రెండు ఆక్సిజన్లు కనబడగానే పొటాషియంకు +4 వేసేవారు చాలామంది. పొటాషియం +1 దాటదు. లెక్క కుదరకపోతే మార్చాల్సింది ఆక్సిజన్ సంఖ్యనే.

3. రెండో అడుగు: నీటితో ఏమవుతుంది?

క్లోరైడ్, బ్రోమైడ్, అయోడైడ్, నైట్రేట్, సల్ఫేట్ కరిగి ఊరుకుంటాయి. ద్రావణం తటస్థంగా ఉంటుంది.

కార్బొనేట్ నీటి నుంచి ప్రోటాన్ లాక్కుని హైడ్రాక్సైడ్ అయాన్లను వదులుతుంది. అందుకే సోడియం కార్బొనేట్ ద్రావణం పీహెచ్ సుమారు 11 నుంచి 11.5 దాకా ఉంటుంది. బైకార్బొనేట్‌కు ప్రోటాన్ ఇవ్వడమూ తెలుసు, తీసుకోవడమూ తెలుసు. దాని పీహెచ్ 8.3 దగ్గర ఆగుతుంది.

ఆక్సైడ్ల విషయంలో ఈ మూడింటినీ పక్కపక్కన రాసుకోండి:

సోడియం ఆక్సైడ్ + నీరు → 2 సోడియం హైడ్రాక్సైడ్

సోడియం పెరాక్సైడ్ + 2 నీరు → 2 సోడియం హైడ్రాక్సైడ్ + హైడ్రోజన్ పెరాక్సైడ్

2 పొటాషియం సూపరాక్సైడ్ + 2 నీరు → 2 పొటాషియం హైడ్రాక్సైడ్ + హైడ్రోజన్ పెరాక్సైడ్ + ఆక్సిజన్

మొదటి రెండింటిలో ఆక్సీకరణ సంఖ్యలు మారవు. మూడోదాంట్లో −½ దగ్గరున్న ఆక్సిజన్ ఒకవైపు −1కి దిగుతుంది, మరోవైపు 0కి ఎక్కుతుంది. ఒకే మూలకం ఇలా రెండు వైపులా విడిపోవడాన్ని అననుపాత చర్య అంటారు. మొదట్లో అడిగిన ఆక్సిజన్ ఇక్కడి నుంచి వచ్చింది.

రెండో సమీకరణం చల్లని నీటికి. నీరు వేడిగా ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ నిలవదు. సోడియం పెరాక్సైడ్‌తో కూడా ఆక్సిజన్ బయటికి వస్తుంది. పరిస్థితి చెప్పకుండా ఉత్పన్నాలు రాయకండి.

4. మూడో అడుగు: ఆమ్లంతో ఏమవుతుంది?

ఆమ్లం అంటే సీసాలో ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాత్రమే కాదు. కార్బన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, సిలికాన్ డయాక్సైడ్ కూడా ఆమ్ల ఆక్సైడ్లే.

కార్బొనేట్‌కు ఆమ్లం కలపడం రెండు మెట్లలో జరుగుతుంది:

సోడియం కార్బొనేట్ + హైడ్రోక్లోరిక్ ఆమ్లం → సోడియం బైకార్బొనేట్ + సోడియం క్లోరైడ్

సోడియం బైకార్బొనేట్ + హైడ్రోక్లోరిక్ ఆమ్లం → సోడియం క్లోరైడ్ + నీరు + కార్బన్ డయాక్సైడ్

కార్బొనేట్ ద్రావణంలోకి సజల (నీరు ఎక్కువ కలిపి పలుచన చేసిన) ఆమ్లాన్ని చుక్క చుక్కగా, కలుపుతూ వేస్తే మొదట్లో బుడగలు రావు. పని చేయడం లేదనుకుని ఒక్కసారిగా ఆమ్లం గుమ్మరించేవారు ఉన్నారు. ఆగండి, అది మొదటి మెట్టు. అంశమాపనంలో (కొలిచి కలుపుతూ గాఢత తేల్చే పద్ధతిలో) ఫినాఫ్తలీన్ గులాబీ రంగు పోయేది ఈ మెట్టు ముగిసినప్పుడు. మిథైల్ ఆరెంజ్ రంగు మారేది రెండో మెట్టు చివర. శుద్ధమైన కార్బొనేట్ అయితే ఈ రెండు మెట్లకూ సమాన ఘనపరిమాణంలో ఆమ్లం ఖర్చవుతుంది. రెండో మెట్టుకు ఎక్కువ పట్టిందంటే అందులో ముందునుంచే బైకార్బొనేట్ ఉంది. మొదటి మెట్టుకే ఎక్కువ పట్టిందంటే హైడ్రాక్సైడ్ కలిసి ఉంది.

ఇక కార్బన్ డయాక్సైడ్‌తో:

2 లిథియం హైడ్రాక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్ → లిథియం కార్బొనేట్ + నీరు

4 పొటాషియం సూపరాక్సైడ్ + 2 కార్బన్ డయాక్సైడ్ → 2 పొటాషియం కార్బొనేట్ + 3 ఆక్సిజన్

అంతరిక్ష నౌకల్లో గాలిని శుద్ధి చేయడానికి లిథియం హైడ్రాక్సైడ్ వాడటానికి కారణం కూడా ఈ సమీకరణంలోనే దొరుకుతుంది. రెండు మోల్‌ల లిథియం హైడ్రాక్సైడ్ బరువు 48 గ్రాములే. అది 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ను పడుతుంది. సోడియం హైడ్రాక్సైడ్‌తో అదే పనికి 80 గ్రాములు కావాలి. మోసుకెళ్లే ప్రతి గ్రామూ లెక్కే అయిన చోట ఈ తేడా చాలా పెద్దది. రెండో చర్య ఊపిరి పరికరాల్లో పనికొస్తుంది: వదిలిన వాయువును తీసుకుని ఆక్సిజన్‌ను తిరిగి ఇస్తుంది.

5. నాలుగో అడుగు: వేడి చేస్తే ఏమవుతుంది?

లోహ అయాన్‌ను పట్టించుకోవాల్సింది ఇక్కడ. లిథియం అయాన్ చిన్నది కాబట్టి పక్కనున్న కార్బొనేట్, నైట్రేట్ లాంటి పెద్ద అయాన్‌లోని ఎలక్ట్రాన్ మేఘాన్ని తనవైపు లాగి వంకర చేస్తుంది. పైగా చిన్న లిథియం, చిన్న ఆక్సైడ్ కలిస్తే జాలక శక్తి (స్ఫటికంలో అయాన్లను పట్టి ఉంచే శక్తి) చాలా ఎక్కువ. అందుకే లిథియం లవణాలు విడిపోయి ఆక్సైడ్‌గా మారడానికి మొగ్గు చూపుతాయి.

ముందు ఒకే ప్రశ్న వేసుకోండి: లోహం లిథియమా, కాదా?

లిథియం అయితే:

లిథియం కార్బొనేట్ → లిథియం ఆక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్

2 లిథియం హైడ్రాక్సైడ్ → లిథియం ఆక్సైడ్ + నీరు

4 లిథియం నైట్రేట్ → 2 లిథియం ఆక్సైడ్ + 4 నైట్రోజన్ డయాక్సైడ్ + ఆక్సిజన్

మెగ్నీషియం లవణాలు కూడా ఇలాగే విడిపోతాయి. లిథియం, మెగ్నీషియంల కర్ణ సంబంధానికి (ఆవర్తన పట్టికలో ఐమూలగా ఉన్న రెండు మూలకాల పోలికకు) ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

సోడియం, పొటాషియం అయితే కార్బొనేట్ విడిపోదు. సోడియం కార్బొనేట్ 851 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. సోడియం హైడ్రాక్సైడ్ కూడా 318 డిగ్రీల దగ్గర కరిగి ద్రవమవుతుంది. నైట్రేట్ సగం దూరమే వెళ్తుంది:

2 సోడియం నైట్రేట్ → 2 సోడియం నైట్రైట్ + ఆక్సిజన్

ఆగేది నైట్రైట్ దగ్గరే కాబట్టి గోధుమ రంగు వాయువు కనబడదు.

బైకార్బొనేట్లది వేరే దారి. లోహం ఏదైనా అవి సులువుగా విడిపోతాయి:

2 సోడియం బైకార్బొనేట్ → సోడియం కార్బొనేట్ + నీరు + కార్బన్ డయాక్సైడ్

168 గ్రాముల్లో 62 గ్రాములు, అంటే 36.9 శాతం బరువు పోతుంది. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, చివర్లో వాడతాం. లిథియం బైకార్బొనేట్ ద్రావణంలోనే ఉంటుంది, ఘనరూపంలో దొరకదు. కాబట్టి దాన్ని పొడిగా తీసుకుని వేడి చేసినట్లు సమీకరణం రాయకండి.

6. ఐదో అడుగు: హైడ్రాక్సైడ్ చర్యలు

ఎక్కువ సమయం పెట్టాల్సిన భాగం ఇది. ముందు ద్రావణం తయారీ.

☐ కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి.
☐ నీటిలోకి హైడ్రాక్సైడ్‌ను కొద్ది కొద్దిగా వేయండి. హైడ్రాక్సైడ్ మీద నీళ్లు పోయకండి. పుట్టే వేడికి చిమ్ముతుంది.
☐ అల్యూమినియం పాత్ర వాడకండి.
☐ నిల్వకు ప్లాస్టిక్ సీసా మేలు. గాజు మూత పెడితే హైడ్రాక్సైడ్ గాజులోని సిలికాతో చర్య జరిపి మూతను పట్టేస్తుంది.
☐ కంట్లో పడితే వెంటనే కనీసం 15 నుంచి 20 నిమిషాలు నీటితో కడుగుతూనే ఉండండి, ఆపై డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

0.1 మోలార్ ద్రావణం 250 మిల్లీలీటర్లకు 1 గ్రాము సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. అయితే ఈ తూకాన్ని నమ్మి అంశమాపనం చేయకూడదు. తూచే లోపే అది తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది. మరిగించి చల్లార్చిన నీటిలో కలిపి, పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో (కచ్చితంగా తూచగల ఘన ఆమ్ల లవణం) అసలు గాఢత తేల్చుకోండి.

ఇప్పుడు చర్యలను ఈ వరుసలో ఆలోచించండి.

మొదటిది, అమ్మోనియం లవణాలు. హైడ్రాక్సైడ్ ప్రోటాన్‌ను లాక్కుంటుంది, అమ్మోనియా వస్తుంది. తడి ఎర్ర లిట్మస్ నీలంగా మారుతుంది.

రెండోది, ఇతర లోహాల లవణాలు. కాపర్(2) నీలం, ఐరన్(2) మురికి ఆకుపచ్చ, ఐరన్(3) ఎర్రగోధుమ, మెగ్నీషియం తెల్లని అవక్షేపం ఇస్తాయి. జింక్, అల్యూమినియం కూడా తెల్లని అవక్షేపమే ఇస్తాయి కానీ హైడ్రాక్సైడ్ ఎక్కువైతే అది మళ్లీ కరిగిపోతుంది. అందుకని అవక్షేపం కనబడగానే ఆపకుండా, ఇంకొంచెం కలిపి చూడాలి.

మూడోది, ద్విస్వభావ లోహాలు, అంటే ఆమ్లంతోనూ క్షారంతోనూ చర్య జరిపేవి:

2 అల్యూమినియం + 2 సోడియం హైడ్రాక్సైడ్ + 6 నీరు → 2 సోడియం అల్యూమినేట్ + 3 హైడ్రోజన్

సోడియం అల్యూమినేట్‌ను నాలుగు హైడ్రాక్సైడ్లున్న అయాన్‌గా రాస్తేనే ఈ సమీకరణం తుల్యమవుతుంది. నీటిని మరిచిపోవడం వల్లే ఇక్కడ ఎక్కువమంది చిక్కుకుంటారు.

నాలుగోది, హాలోజన్లు. క్లోరిన్‌తో చల్లని సజల ద్రావణంలో:

క్లోరిన్ + 2 సోడియం హైడ్రాక్సైడ్ → సోడియం క్లోరైడ్ + సోడియం హైపోక్లోరైట్ + నీరు

వేడి గాఢ ద్రావణంలో:

3 క్లోరిన్ + 6 సోడియం హైడ్రాక్సైడ్ → 5 సోడియం క్లోరైడ్ + సోడియం క్లోరేట్ + 3 నీరు

5, 1 అనే సంఖ్యలు బట్టీ పట్టాల్సినవి కావు. క్లోరేట్‌లో క్లోరిన్ +5, అంటే ఒక పరమాణువు 5 ఎలక్ట్రాన్లు వదిలింది. ఒక్కో క్లోరైడ్ ఒక్కటే తీసుకుంటుంది. కాబట్టి అయిదు క్లోరైడ్లు కావాల్సిందే.

తెల్ల భాస్వరం కూడా ఇలాగే విడిపోయి ఫాస్ఫీన్, హైపోఫాస్ఫైట్ ఇస్తుంది. సమీకరణం కాగితం మీద రాయండి చాలు. ఫాస్ఫీన్ విషవాయువు, ప్రయోగం జోలికి వెళ్లకండి.

7. హాలైడ్లు: తప్పు ఆమ్లం ఎంచుకోకండి

సోడియం క్లోరైడ్‌కు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. అదే పద్ధతిలో బ్రోమైడ్, అయోడైడ్‌ల నుంచి శుద్ధమైన హైడ్రోజన్ బ్రోమైడ్, హైడ్రోజన్ అయోడైడ్ రావు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాటిని బ్రోమిన్‌గా, అయోడిన్‌గా ఆక్సీకరిస్తుంది. ఆక్సీకరణ శక్తి లేని ఫాస్ఫారిక్ ఆమ్లం వాడాలి.

కరిగే గుణంలో మళ్లీ లిథియమే వేరు. దాని ఫ్లోరైడ్ 100 మిల్లీలీటర్ల నీటిలో 0.13 గ్రాములే కరుగుతుంది. కార్బొనేట్ 20 డిగ్రీల దగ్గర 1.3 గ్రాములు కరుగుతుంది, నీరు వేడెక్కేకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఫాస్ఫేట్ కూడా దాదాపు కరగదు. క్షార లోహ లవణాలన్నీ బాగా కరుగుతాయన్న సూత్రాన్ని లిథియం దగ్గర ఆగి సరిచూసుకోండి.

8. తెల్లటి పొడి ఏదో తేల్చడం: పరీక్షల వరుస

వరుస మార్చకండి. ఒక పరీక్షలో కలిపిన పదార్థం తరువాతి పరీక్షను చెడగొడుతుంది. ప్రతిదానికీ కొత్త నమూనా తీసుకోండి.

1. జ్వాలా పరీక్ష. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి కాల్చి శుభ్రం చేసిన నిక్రోమ్ తీగ వాడండి. లిథియం ముదురు ఎరుపు, సోడియం బంగారు పసుపు, పొటాషియం లేత ఊదా. కాస్త సోడియం కలిసినా పొటాషియం రంగు కనబడదు. నీలి కోబాల్ట్ గాజులోంచి చూడండి, పసుపు ఆగిపోయి ఊదా బయటపడుతుంది.

2. నీటిలో కరిగించి ఎర్ర లిట్మస్. నీలంగా మారితే హైడ్రాక్సైడ్, కార్బొనేట్, బైకార్బొనేట్‌లలో ఒకటని అనుమానించండి.

3. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం. వచ్చే వాయువుతో సున్నపుతేట పాలలా మారితే కార్బొనేట్ లేదా బైకార్బొనేట్.

4. ఆ రెండింటినీ వేరుచేయడానికి చల్లని ద్రావణంలో మెగ్నీషియం సల్ఫేట్. వెంటనే తెల్లని అవక్షేపం వస్తే కార్బొనేట్. మరిగించాకే వస్తే బైకార్బొనేట్.

5. ఆమ్లంతో వాయువు రాకపోతే సజల నైట్రిక్ ఆమ్లం, ఆపై సిల్వర్ నైట్రేట్. తెలుపు క్లోరైడ్, లేత పసుపు బ్రోమైడ్, పసుపు అయోడైడ్. ఇక్కడ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే ప్రతి నమూనాలోనూ క్లోరైడ్ ఉన్నట్లే కనిపిస్తుంది.

9. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

పొరపాటు: క్షార లోహ కార్బొనేట్లన్నీ వేడికి విడిపోతాయని రాయడం. దిద్దుబాటు: ఆ అలవాటు కాల్షియం కార్బొనేట్ నుంచి వచ్చింది. ఇక్కడ లిథియంకే వర్తిస్తుంది.

పొరపాటు: ఉప్పునీటిలోకి అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ పంపి సోడియం బైకార్బొనేట్‌ను అవక్షేపంగా దింపే సాల్వే పద్ధతిని పొటాషియంకూ రాయడం. దిద్దుబాటు: పొటాషియం బైకార్బొనేట్ నీటిలో బాగా కరుగుతుంది, అవక్షేపంగా దిగదు. పద్ధతి మొత్తం ఆ అవక్షేపం మీదే ఆధారపడింది.

పొరపాటు: ద్రావణంలోని లవణాన్ని విద్యుద్విశ్లేషణ చేస్తే కాథోడ్ దగ్గర సోడియం లోహం వస్తుందని రాయడం. దిద్దుబాటు: నీరున్న చోట వచ్చేది హైడ్రోజన్, ద్రావణంలో మిగిలేది హైడ్రాక్సైడ్. లోహం కావాలంటే నీరు లేకుండా, వేడితో కరిగించి ద్రవంగా మార్చిన లవణమే వాడాలి.

10. సమీకరణం రాశాక సరిచూసుకోండి

☐ లోహం ఇరువైపులా +1గానే ఉందా?
☐ ఋణ అయాన్ ఏ ఆమ్లం నుంచి వచ్చిందో గుర్తించారా?
☐ చల్లనా వేడా, సజలమా గాఢమా అన్నది రాశారా?
☐ వేడి చేసే చర్య అయితే లిథియం ప్రశ్న వేసుకున్నారా?
☐ ఆక్సీకరణ సంఖ్యల్లో ఎక్కినదీ దిగినదీ సమానమా?
☐ నీటి అణువులు తప్పిపోలేదు కదా?

11. ఒక లెక్క చేసి చూద్దాం

సోడియం కార్బొనేట్, సోడియం బైకార్బొనేట్ కలిసిన పొడి మిశ్రమం 2.00 గ్రాములు ఉంది. బరువు ఇక తగ్గదన్నంతవరకు వేడి చేస్తే 1.69 గ్రాములు మిగిలింది. అందులో బైకార్బొనేట్ ఎంత?

కార్బొనేట్ విడిపోదు కాబట్టి పోయిన 0.31 గ్రాములూ బైకార్బొనేట్‌వే. 62 గ్రాములు పోవడానికి 168 గ్రాములు కావాలి. 0.31ని 168తో గుణించి 62తో భాగిస్తే 0.84 గ్రాములు. అంటే మిశ్రమంలో 42 శాతం బైకార్బొనేట్, మిగిలిన 1.16 గ్రాములు కార్బొనేట్.

ఇదే లెక్కను సోడియంకు బదులు పొటాషియం లవణాలతో చేయండి. సమీకరణం మారదు, మోలార్ ద్రవ్యరాశులు మాత్రమే మారతాయి: రెండు మోల్‌ల పొటాషియం బైకార్బొనేట్ 200 గ్రాములు, పోయేది అదే 62 గ్రాములు. అదే 0.31 గ్రాముల తగ్గుదలకు మీ జవాబు 1.00 గ్రాము రావాలి.